భాగీరథి తలనొప్పి, ఊరి వైద్యాలు

మా జహీరాబాద్‌లో తలకాయ ఉన్న ప్రతివాడూ తలనొప్పికి డాక్టరే. ఇరవై రెండేళ్లుగా బస్టాండు ఎదురు సందులో మందుల దుకాణం నడుపుతున్నాను కాబట్టి ఈ మాట నాకు చెప్పే హక్కుంది. మోకాలి నొప్పికి మందు కొనడానికి వచ్చినవాడు, పక్కన నిలబడ్డ మనిషి తలనొప్పికి వైద్యం చెప్పి పోతాడు. తన మోకాలు మాత్రం వాడికి అర్థం కాదు.

ఆ వైద్యాలన్నీ ఒకే మనిషి మీద ప్రయోగిస్తే ఏమవుతుందో చూడాలంటే భాగీరథిని చూడాలి. న్యాల్‌కల్ రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు పోతే వచ్చే పల్లెలో ఆమె అంగన్‌వాడీ టీచరు. ముప్పై తొమ్మిదేళ్లు. పుట్టిల్లు బీదర్ అవతల. కోపం వస్తే కన్నడంలో తిడుతుంది, పిల్లలకు పాటలు మాత్రం తెలుగులోనే నేర్పుతుంది. మొగుడు సంగప్పకు చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. అత్త నారమ్మ. ఆమె గురించి ఇప్పుడే చెప్పను, నాకు కోపం ఆగదు.

భాగీరథికి తలనొప్పి పద్నాలుగో ఏట మొదలైంది. అది వచ్చే ముందు ఊరికే ఆవులింతలు వస్తాయట. మూడిళ్ల అవతల పోపు వేస్తే ఆ వాసన ముక్కులోకి దూరుతుందట. కాసేపటికి కంటి అంచున మెరిసే గీత ఒకటి వంకర్లు తిరుగుతూ పాకుతుంది. తర్వాత కుడి కణత కొట్టుకోవడం మొదలవుతుంది. వెలుగు చూడలేదు, చప్పుడు వినలేదు, కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. ఒక రోజో రెండు రోజులో అలా పడి ఉండి, మూడోనాడు లేచి ఏమీ జరగనట్టు అంట్లు తోముకుంటుంది. ఆ ఏమీ జరగనట్టు లేవడమే ఆమె చేసిన నేరం. జ్వరమైతే ఒళ్లు కాలుతుంది, దెబ్బయితే రక్తం కారుతుంది. దీనికి చూపించడానికి ఏమీ ఉండదు. చూపించలేని నొప్పిని మనవాళ్లు నొప్పిగా ఒప్పుకోరు.

ఒప్పుకోరు గానీ వైద్యం మాత్రం మానరు. పుట్టింటివాళ్లు కణత మీద జీడిగింజ రసం చుక్క పెట్టారు. చర్మం కాలి మచ్చ పడింది, నొప్పి పోలేదు. ఆ మచ్చ కనపడకుండా ఇప్పటికీ జుట్టు ముందుకు లాగి దువ్వుకుంటుంది. పెళ్లయ్యాక అత్తగారింట్లో శొంఠి పట్టు మొదలైంది. మాది అల్లం పండే నేల కదా, ఇక్కడ కాలు విరిగినా అల్లమే మందు. శొంఠి అరగదీసి నుదుటికి పూస్తే నొప్పికి తోడు మంట కూడా వచ్చేది. తలకు నూనె పెట్టక వచ్చిందని ఒకరు, తడి జుట్టు ముడేసుకుంటే వచ్చిందని ఇంకొకరు అన్నారు. ఆ ఊరి పెద్దమనిషి గురులింగప్ప అయితే అది గ్యాసని తీర్పు చెప్పాడు. పదెకరాల చెరుకు, రెండు ట్రాక్టర్లు ఉన్న మనిషి కాబట్టి గ్యాసన్నాడంటే గ్యాసే. మధ్యలో ఎవరో పన్ను వల్ల అన్నారు. దాంతో నిక్షేపంలాంటి పన్నొకటి పీకించారు. ఆ పన్ను ఏం పాపం చేసిందో ఎవరూ అడగలేదు.

చివరికి సంగప్ప ఆమెను హైదరాబాద్ తీసుకుపోయి స్కాను తీయించాడు. స్కానులో ఏమీ లేదన్నారు. గడ్డ లేదు, రక్తం గడ్డకట్టలేదు అని వాళ్ల ఉద్దేశం. సంగప్ప మాత్రం ఆ రెండు మాటలను ఊరంతా తిప్పాడు. "పెద్ద దవాఖాన్ల డాక్టరే ఏం లేదన్నడు. ఇంక దీనికేమున్నది చెప్పు? పనంటే నొప్పొస్తది, గంతే." స్కాను తలకాయకు ఫొటో తీస్తుంది. తలకాయ లోపల నరాలు ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటున్నాయో అది వినదు. ఈ సంగతి సంగప్పకు తెలియదు. తెలియనప్పుడు నోరు మూసుకోవాలని కూడా తెలియదు.

ఇప్పుడు నారమ్మ. స్కానులో ఏమీ లేదంటే ఇది దేవుడు చూసుకోవాల్సిన వ్యవహారమని ఆమె నిశ్చయించింది. కోడలి పేరున ఝరాసంగం శివయ్యకు మొక్కి, సోమవారం ఒక్కపొద్దు పట్టించింది. అంటే పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా చాయ్ తప్ప ఇంకేమీ లేదు. సోమవారం మధ్యాహ్నానికల్లా భాగీరథికి నొప్పి వచ్చింది. మొక్కు చాలలేదనుకుని గురువారం కూడా పట్టించింది. గురువారమూ వచ్చింది. అయితే శని పట్టిందని శనివారం కలిపింది. నొప్పి పోవాలని ఉపవాసం, ఉపవాసంతో నొప్పి, ఆ నొప్పి పోవాలని ఇంకో ఉపవాసం. మూడేళ్లు ఇలాగే సాగింది. ఆ ఇంట్లో ముగ్గురు మనుషులున్నారు, ముగ్గురికీ కళ్లున్నాయి. ఒక్కరికీ వారాలు లెక్కపెట్టబుద్ధి కాలేదు.

ఉపవాసం రోజు నొప్పి వస్తే గోలీ వేసుకోవచ్చని నారమ్మే మినహాయింపు ఇచ్చింది. గోలీ తిండి కాదు కదా! అలా భాగీరథి నా దుకాణానికి వచ్చింది. రెండు మూడు మందులు కలిపి చేసే నొప్పి గోలీ ఒకటుంది. అది వేసుకుంటే అరగంటలో ఆమెకు కళ్లు తెరిచే ఓపిక వచ్చేది. మొదట నెలకు ఒక పట్టీ తీసుకుపోయేది, తర్వాత వారానికి ఒకటి, ఆ తర్వాత రెండు. మొక్కు లేని రోజుల్లో కూడా నొప్పి రావడం మొదలైంది. నేను వ్యాపారిని, డాక్టర్ని కాను. ఈ మాట ఎవరూ అడగకముందే చెప్పడం నాకు అలవాటు.

ఒకసారి గురులింగప్ప షుగరు మందులకు వచ్చినప్పుడు నవ్వులాటకు అన్నాను. "మీ ఊరి టీచరమ్మ ఒక్కతె సాలు పటేలా, నా దుకాణం నడుస్తది. వారానికి రెండు పట్టీలు!" ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

నిరుడు మా సందు చివర క్లినిక్కుకి బుధవారం బుధవారం నరాల డాక్టరమ్మ రావడం మొదలైంది. పేరు రుచిత. చిన్న వయసు, గట్టి గొంతు. భాగీరథి అక్కడికి పోయి, గంట తర్వాత నా కౌంటరు ముందుకొచ్చి నిలబడింది. ఆమె ముఖం అలా ఉండగా అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఏడుస్తున్నదా, నవ్వుతున్నదా అర్థం కాలేదు.

"అన్నా, నాది నిజం నొప్పేనట. దానికి పేరు గూడ ఉన్నదట, మైగ్రేనట. ఇరవై అయిదేండ్ల సంది నాకే అనుమానముండె, నేనే నకరాలు జేస్తున్ననా అని."

డాక్టరమ్మ ఆమెకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పిందట. ఆ బొమ్మ నాకూ చూపించింది. మొహానికీ, నుదుటికీ, మెదడు పైపొరకూ కలిపి మూడు పాయలుగా చీలిన ఒక పెద్ద నరం ఉంటుంది. నరాల కణాలు ఒకదానికొకటి తగలవు, మధ్యలో కంటికి కనపడనంత సందు ఉంటుంది. గోడకు ఇవతల ఉన్న ఇల్లాలు అవతల ఉన్న ఇల్లాలికి గుప్పెడు కూర అందించినట్టు, ఒక కణం ఆ సందులోకి ఒక రసాయనాన్ని వదులుతుంది, రెండోది అందుకుంటుంది. నొప్పి కబురైనా, ఇంకే కబురైనా ఇలాగే నడుస్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు పుట్టుకతోనే కొంచెం ఉలికిపాటు మెదడు. నిద్ర తప్పినా, ఆకలితో మాడినా, ఎండ కళ్లలో కొట్టినా, నెలసరి దగ్గరపడ్డా అది అలజడి పడవచ్చు. అప్పుడు ఆ మూడు పాయల నరం కొసలు మెదడు పైపొరలో సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని కుమ్మరిస్తాయి. దానివల్ల రక్తనాళాలు ఉబ్బుతాయి, పక్కనున్న నరాల కణాలకు చిరాకు పెరుగుతుంది. ఆ చిరాకులో మామూలు నాడి కొట్టుకోవడం కూడా సుత్తి దెబ్బలా తెలుస్తుంది. జుట్టు దువ్వినా నొప్పే. సెరటోనిన్ అనే ఇంకో రసాయనానికి కూడా ఇందులో చెయ్యి ఉంది. మైగ్రేన్ కోసమే చేసిన కొన్ని మందులు ఆ సెరటోనిన్ కూర్చోవాల్సిన చోట తాము కూర్చుని, నరం కొసలు ఆ కుమ్మరింపు ఆపేలా చేస్తాయి.

ఇదీ సంగతి. గ్యాసు కాదు, శని కాదు, తడి జుట్టు కాదు, పీకేసిన పన్నూ కాదు. ఇంత సంగతి తలలో జరుగుతుంటే ఊరంతా కలిసి ఆమె నుదుటికి శొంఠి పూసింది.

డాక్టరమ్మ నాలుగు మాటలు చెప్పి పంపింది. వేళకు తినాలి. నొప్పి మొదలవగానే కొత్త గోలీ వేసుకోవాలి, వారానికి రెండు రోజులు మించకూడదు. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ రోజు ఏం తిన్నదో, ఎప్పుడు నొప్పి వచ్చిందో రాయాలి. నాలుగోది, పాత గోలీ పూర్తిగా మానేయాలి. నెలలో పది రోజులు దాటి అలాంటి గోలీలు మింగుతూ పోతే, ఆ గోలీలే నొప్పిని తెచ్చిపెడతాయట. నొప్పి కబురు మోసే నరాలు చల్లబడటమే మరిచిపోతాయట. మానేసిన మొదటి రెండు వారాలు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, ఓర్చుకోవాలి అని కూడా చెప్పింది.

"గా పాత గోలీ ఇంక నేను అడిగినా ఇయ్యకు అన్నా," అంది భాగీరథి. సరేనన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

గురువారం, శనివారం ఉపవాసాలు ఆమె గుట్టుగా మానేసింది. అంగన్‌వాడీ కేంద్రంలో డబ్బా విప్పుకుని తినేసి ఇంటికి పోయేది. సోమవారం మాత్రం మానలేకపోయింది. ఆ మొక్కు ఊరందరికీ తెలుసు. ఆ రోజు దీపం పెట్టేది నారమ్మే, కోడలు ఒక్కపొద్దున్నదని ఇంటింటికీ చెప్పుకునేదీ నారమ్మే.

గోలీలు మానేసిన పది రోజులకు నొప్పి విరుచుకుపడింది. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి భాగీరథి భయపడలేదు. పిల్లలను ఆయమ్మకు అప్పజెప్పి, సరుకుల గదిలో కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని ఒక గంట పడుకుంది. ఆ గంటలోనే ఎవరో కిటికీలోంచి ఫోనుతో ఫొటో తీశారు. సాయంత్రానికల్లా అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. మూడోనాడు గురులింగప్ప నలభై మంది సంతకాలతో పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. టీచరు డ్యూటీలో నిద్రపోతుందట. మత్తు గోలీలు మింగుతుందట. పిల్లలకు ఆమె దగ్గర రక్షణ లేదట. గురులింగప్ప కోడలు శ్రుతి ఆ కొలువు కోసం ఎప్పటినుంచో కూర్చుని ఉంది. ఆ ముక్క మాత్రం అర్జీలో లేదు. మత్తు గోలీలకు సాక్షి ఎవరని రాశారో తెలుసా? జహీరాబాద్ మందుల షాపు మహిధర్. అంటే నేను.

ఆరు వారాల తర్వాత భాగీరథి మళ్లీ నా కౌంటరు ముందుకొచ్చింది. ఈసారి అర్జీ నకలు చేతిలో ఉంది.

"పదారేండ్లాయె అన్నా ఈ కొలువు చేయబట్టి. గీ కొలువొక్కటే నాది. ఇల్లు అత్తమ్మది, షెడ్డు ఆయనది, మొక్కు గూడ నేను మొక్కింది గాదు. ఇది గూడ పోతే నేను ఆ ఇంట్ల శొంఠి పట్టేసుకొని సచ్చేదాంక పండుకోవాలె." అర్జీ నకలు నా కౌంటరు మీద పెట్టింది. "సోమవారం పై ఆఫీసు మేడం ఎంక్వైరీకి వస్తున్నది. నువ్వొచ్చి అవి మత్తు గోలీలు గావని ఒక్క మాట చెప్పు, సాలు. నా నొప్పి అబద్ధమని ఒక్కనాడన్న అననోడివి నువ్వొక్కనివే."

వస్తానన్నాను. రాకపోతే ఎలా? గురులింగప్ప దగ్గర నోరు జారింది నేనే.

సోమవారం పదింటికి మేడం రావాలి. పదిన్నరైనా రాలేదు. కేంద్రం ముందు సంతకాలు పెట్టిన నలభై మందిలో పాతిక మంది పోగయ్యారు, దేనికి సంతకం పెట్టారో అందులో సగం మందికి తెలియదు. గురులింగప్ప కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. శ్రుతి కొత్త చీర కట్టుకుని వచ్చి పిల్లల తలలు నిమురుతోంది. ఉద్యోగం ఇంకా రాకముందే ప్రేమ వచ్చేసింది.

భాగీరథి గోడ గడియారం వంక చూసింది. పొద్దున్నుంచి ఆమె కడుపులో చాయ్ తప్ప ఏమీ లేదు. నోటుబుక్కులో ఎనిమిది సోమవారాలు రాసి ఉన్నాయి, ఎనిమిదింటికీ పదకొండు, పన్నెండు మధ్య నొప్పి వచ్చింది. ఇవాళ సరిగ్గా మేడం ముందే వస్తుంది. ఆమె ఒకసారి ఆవులించింది. అది చూసి నేనూ గడియారం వంక చూశాను.

ఆమె లోపలికి పోయి తన సంచీలోంచి డబ్బా తెచ్చుకుంది. అందరి ఎదుటా గడప దగ్గర కూర్చుని మూత తీసింది. జొన్నరొట్టె, పప్పు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

"అయ్యో అయ్యో! ఇయ్యాల సోమారమే!" నారమ్మ గుంపులోంచి తోసుకుంటూ వచ్చింది. "దేవుని మొక్కు తప్పుతున్నవా? పది మంది ముంగట నా మొఖం మీద ఊంచుతున్నవా?"

"మొక్కు నీది అత్తమ్మా, ఆకలి నాది," అంది భాగీరథి నములుతూనే. "తినకుంటే నొప్పొస్తది. నొప్పొస్తే కొలువు పోతది. దేవునికి నేను సమజు చేస్త. నువ్వు ఫికర్ చేయకు."

గుంపులో ఉన్న సంగప్ప కల్పించుకోబోయాడు. ఆమె చూసిన చూపుకు ఆగిపోయాడు. గురులింగప్ప మాత్రం గుంపు వైపు తిరిగి అందుకున్నాడు. "చూసిన్రు గదా? దేవుని భయమే లేని మనిషికి పిల్లలనెట్ల అప్పజెప్తం?" పిల్లలకు రోజూ గుడ్లు వండి పెట్టేదీ, తూకాలు వేసేదీ, టీకాలకు తీసుకుపోయేదీ ఈమేనని ఆ గుంపులో ఒక్కరూ అనలేదు. భాగీరథి రెండు రొట్టెలూ తిని, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కుంది.

మేడం పదకొండున్నరకు వచ్చింది. ఫొటో చూసింది, అర్జీ చదివింది. భాగీరథి డాక్టరమ్మ చీటీ, నోటుబుక్కు ఇచ్చి, కళ్లు తెరుచుకుని నిటారుగా నిలబడి అడిగినవాటికి జవాబు చెప్పింది. రిజిస్టర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. పన్నెండు దాటినా నొప్పి రాలేదు. అప్పుడు మేడం నన్ను పిలిచింది.

"మీరేనా మందుల షాపాయన? ఈమె మీ దగ్గర మత్తు గోలీలు కొన్నదా?"

"లేదు మేడం. అవి నొప్పి గోలీలే. మత్తు ఉండదు."

"వారానికి రెండు పట్టీలన్నది నిజమేనా?"

"నిజమే."

"డాక్టరు చీటీ చూసే ఇచ్చిన్రా?"

గురులింగప్ప ముఖంలో వెలుగొచ్చింది. చీటీ ఉందని చెబితే, చూపించమంటారు. లేదంటే, ఆమె దొంగచాటుగా గోలీలు తెచ్చుకుందని రాసుకుంటారు. ఇంత దూరం వచ్చాక తప్పించుకునే దారి ఒక్కటే ఉంది, డాక్టరు రాశారని ఆమె నాతో అబద్ధమాడి గోలీలు తీసుకుందని చెప్పడం. ఆ మాట నా నాలుక మీదికి వచ్చిందని కూడా ఒప్పుకుంటున్నాను.

"చీటీ లేదు మేడం," అన్నాను. "చీటీ లేకుంట ఇయ్యొద్దు, ఇచ్చిన. తప్పు నాది, ఆమెది గాదు. గా గోలీలు మింగంగ మింగంగనే ఆమెకు నొప్పి పెరిగింది. మానేసినంక పదో దినం నొప్పి ఎక్కువైంది, గదే ఫొటోల ఉన్నది. ఆమె నిద్ర పోలె, గోలీ లేకుంట ఓర్చుకున్నది."

"మింగితే పెరుగుతదని మీకు డాక్టరు చెప్పినంకనే తెలిసిందా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. భాగీరథి కూడా.

"గోలీల డబ్బాల మడతపెట్టిన కాగితం ఉంటది మేడం. దాంట్ల రాసుంటది. నేను మూడేండ్ల కిందనే చదివిన."

మేడం ఏదో రాసుకుంది. మందుల తనిఖీ అధికారికి నా పేరు రాస్తానని చెప్పింది. భాగీరథి మీద చర్య ఏమీ అవసరం లేదని, అర్జీ మూసేస్తున్నానని గురులింగప్పకు చెప్పింది. శ్రుతి పిల్లల తలలు నిమరడం అక్కడితో ఆపేసింది. గుంపు చెదిరిపోయింది. పోతూ పోతూ ఒకడు, అయితే ఇది గ్యాసు కాదన్నమాట అన్నాడు.

నేను మోటారుసైకిలు దగ్గరికి నడుస్తుంటే భాగీరథి వెనకాలే వచ్చింది. థాంక్సు చెబుతుందనుకున్నాను. నా సిగ్గులేనితనం ఎంతవరకూ పోయిందో చూడండి.

"నారమ్మకు తెల్వదు," అంది. "ఆయనకు తెల్వదు. గురులింగప్పకు అస్సలు తెల్వదు. తెల్వక ఇన్నేండ్లు నన్ను తిప్పలు పెట్టిన్రు. నువ్వు చదివినవ్ అన్నా. చదివి గూడ, నేనొస్తే సాలు, నవ్వుకుంట పట్టీ చేతుల పెట్టినవ్."

ఆమె నా సమాధానం కోసం నిలబడలేదు. పిల్లల అన్నం వేళయిందని లోపలికి పోయింది.